మైక్రోలెపిడోప్టెరా: చిన్న రెక్కల పురుగుల ఉమ్మడి పేరు

మైక్రోలెపిడోప్టెరా అనేది చిన్న రెక్కల పురుగులన్నిటికీ కలిపి కీటక శాస్త్రవేత్తలు పెట్టుకున్న పేరు. సీతాకోక చిలుకలూ, రాత్రిపూట దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగులూ కలిసి లెపిడోప్టెరా అనే క్రమం అవుతాయి. రెక్కల మీద పొలుసులు ఉండటం ఈ క్రమానికి గుర్తు; పురుగును పట్టుకుంటే వేలికి అంటే పొడి ఆ పొలుసులే. శాస్త్రజ్ఞులు ఇప్పటిదాకా వర్ణించి పేరు పెట్టిన లెపిడోప్టెరా జాతులు సుమారు 1,60,000. అందులో సీతాకోక చిలుకలు 18 వేలకు కాస్త అటూ ఇటూ. మిగిలినవన్నీ రెక్కల పురుగులే. వాటిలో పెద్దవాటిని మాక్రోలనీ, చిన్నవాటిని మైక్రోలనీ విడదీసి చూడటం పందొమ్మిదో శతాబ్దం నుంచి స్థిరపడిన అలవాటు.

సూర్యాపేట జిల్లా మేళ్లచెరువు పొలాల్లో ఈ పేరు ఎవరి నోటా వినిపించదు. దాని కిందకు వచ్చే పురుగులు మాత్రం అక్కడి రైతులకు బాగా తెలిసినవే. పత్తి కాయలో గులాబీ రంగు పురుగు, వరిలో మొగి పురుగు, ఆకుముడత పురుగు, బత్తాయి లేతాకుల మీద వంకర చారలు గీసే పురుగు, వడ్ల రాశి మీద ఎగిరే వడ్ల చిలుక అన్నీ మైక్రోల లెక్కలోకే వస్తాయి. కోదాడ, మిర్యాలగూడ, మేళ్లచెరువు ప్రాంతంలో నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద వరి, మెట్ట నేలల్లో పత్తి, మిరప పండుతాయి. మిరపను తినే పొగాకు లద్దె పురుగు, శనగపచ్చ పురుగు మాక్రోలు. వరికీ పత్తికీ ఎక్కువ బాధ పెట్టేవి మైక్రోలు.

మైక్రో, మాక్రో విభజనకు పునాది వేసినవాడు స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్. 1758లో వెలువడిన 'సిస్టమా నేచురే' పదో కూర్పులో ఆయన స్ఫింక్స్ జట్టును పక్కనపెట్టి, మిగిలిన రెక్కల పురుగులన్నిటినీ ఫలీనా అనే ఒకే ప్రజాతిలో చేర్చాడు. ఆ ప్రజాతిని మళ్లీ ఏడుగా విడదీశాడు. బాంబిక్స్, నాక్టువా, జియోమెట్రా అనే మూడూ కాస్త పెద్ద పురుగులవి. టార్ట్రిక్స్, పైరాలిస్, టీనియా, అల్యూసిటా అనే నాలుగూ చిన్నవాటివి. తర్వాతి తరాల వాళ్లు మైక్రోలని పిలిచింది దాదాపుగా ఈ నాలుగింటి వంశాన్నే.

లిన్నేయస్ మరో పని కూడా చేశాడు. జాతి పేరు చివర ఏ జట్టుదో తెలిసేలా ఒక తోక తగిలించాడు. టార్ట్రిక్స్ జట్టు పేర్లు 'ఆనా' అనీ, పైరాలిస్ జట్టువి 'ఆలిస్' అనీ, టీనియా జట్టువి 'ఎల్లా' అనీ ముగుస్తాయి. తర్వాత వచ్చినవాళ్లు చాలాకాలం ఈ పద్ధతిని పాటించారు. వ్యవసాయ విద్యార్థులు ఇప్పుడు బట్టీ పట్టే పేర్లలో ఆ గుర్తు నిలిచే ఉంది. పత్తి గులాబీ రంగు పురుగు పెక్టినోఫోరా గాసిపియెల్లా. బత్తాయి ఆకు తొలిచేది ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా. వడ్ల చిలుక సైటోట్రోగా సిరియలెల్లా. క్యాబేజీని జల్లెడ చేసేది ప్లుటెల్లా జైలోస్టెల్లా. ఇటు వరి ఆకుముడత నఫలోక్రోసిస్ మెడినాలిస్ అయితే, వంకాయ కొమ్మనూ కాయనూ తొలిచేది ల్యూసినోడిస్ ఆర్బొనాలిస్. పేరు చివర చూస్తే చాలు, ఆ పురుగును మొదట వర్ణించినవాడు దాన్ని ఏ జట్టుదిగా తలచాడో తెలిసిపోతుంది.

పందొమ్మిదో శతాబ్దంలో ఇంగ్లండులో పురుగుల సేకరణ పెద్ద వ్యసనంగా మారింది. మామూలు సూది గుచ్చి పెట్టెలో అమర్చగలిగే పెద్ద పురుగుల మీద అందరికీ మోజు. అంగుళంలో పదో వంతు ఉండే పురుగుకు వెంట్రుక లాంటి సూదులు, భూతద్దం, అంతులేని ఓపిక కావాలి. అందుకే వాటిని వేరే అరలో పెట్టి, వేరే మనుషులకు వదిలేశారు. మైక్రో, మాక్రో తేడా ఇంతకాలం నిలబడటానికి శాస్త్రం కంటే సూదుల పరిమాణమే ఎక్కువ కారణమంటే అతిశయోక్తి కాదు. అలా వదిలేసిన పనిని నెత్తిన వేసుకున్నవారిలో హెన్రీ టిబ్బట్స్ స్టెయిన్టన్ ముఖ్యుడు. టీనియా జట్టు జీవిత చరిత్రల మీద 1855 నుంచి 1873 దాకా ఆయన 13 సంపుటాలు వెలువరించాడు.

మైక్రోలెపిడోప్టెరా అనే పేరును భారతదేశపు పురుగులకు తొలిరోజుల్లో తగిలించినవారిలో కూడా ఆయన ఒకరు. లండన్ కీటక శాస్త్ర సంఘం పత్రికలో 1856లో ఆయన భారతీయ మైక్రోలెపిడోప్టెరా జాతులు మూడింటిని వర్ణిస్తూ ఒక వ్యాసం రాశాడు. కలకత్తా నుంచి వెళ్లిన ఫిల్లోక్నిస్టిస్ సిట్రెల్లా వాటిలో ఒకటి. ఉమ్మడి నల్లగొండ జిల్లా బత్తాయి తోటల్లో చిగురు వచ్చిన ప్రతిసారీ కనిపించే పురుగు అదే.

తర్వాత వచ్చిన పెద్ద గ్రంథంలో మాత్రం మైక్రోలకు చోటు దక్కలేదు. బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో జార్జ్ హ్యాంప్సన్ 1892 నుంచి 1896 వరకు రెక్కల పురుగుల మీద నాలుగు సంపుటాలు రాశాడు. నాలుగో సంపుటం పైరాలిస్ జట్టు వారసులైన పైరాలిడ్‌లతో ఆగిపోయింది. ఇందులో ఒక విచిత్రం ఉంది. సంప్రదాయం ప్రకారం పైరాలిడ్‌లు మైక్రోలు. హ్యాంప్సన్ వాటిని పెద్ద పురుగుల సరసన కూర్చోబెట్టి, అంతకంటే చిన్నవాటిని వదిలేశాడు. ఆ పుస్తకం మీద ఆధారపడి చదువుకున్న భారతీయ విద్యార్థికి మైక్రో ఎక్కడ మొదలవుతుందో ఒక తీరుగా, ఐరోపా పుస్తకం చదివినవాడికి మరో తీరుగా అర్థమైంది. ఈ గందరగోళం ఇంకా పూర్తిగా తీరలేదు.

హ్యాంప్సన్ వదిలిన ఖాళీని ఇద్దరు కలిసి చాలావరకు పూడ్చారు. బీహార్‌లోని పూసాలో ఇంపీరియల్ ఎంటమాలజిస్టుగా పనిచేసిన థామస్ బెయిన్‌బ్రిగ్ ఫ్లెచర్ ఒకరు. దక్షిణ భారత కీటకాల మీద 1914లో ఆయన రాసిన పుస్తకం చాలాకాలం వ్యవసాయ అధికారుల చేతిపుస్తకంగా ఉంది. భారతీయ మైక్రోలెపిడోప్టెరా జీవిత చరిత్రలను ఆయన 1920 ప్రాంతంలో వ్యవసాయ శాఖ తరఫున ప్రచురించాడు. గుడ్డు ఎక్కడ పెడుతుంది, పురుగు ఏ మొక్కను తింటుంది, కోశం ఎక్కడ కడుతుంది అనే వివరాలు అందులో ఉన్నాయి. రెండోవాడు ఎడ్వర్డ్ మేరిక్. ఇంగ్లండులోని మార్ల్‌బరో కళాశాలలో ప్రాచీన భాషలు చెప్పే పంతులు. ప్రపంచం నలుమూలల నుంచి వచ్చిన పెట్టెలు విప్పుకుంటూ 14 వేలకు పైగా చిన్న రెక్కల పురుగులకు పేర్లు పెట్టాడు. 1912 నుంచి 1937 దాకా 'ఎగ్జాటిక్ మైక్రోలెపిడోప్టెరా' అనే పేరుతో వరసగా ఆయన వెలువరించిన సంచికల్లో భారతీయ జాతులు చాలా ఉన్నాయి.

మేరిక్ పనిలో ఒక లోపం కూడా ఉంది. రెక్కల రంగు, ఈనెల అమరిక, నోటి స్పర్శాంగాలు చూసి ఆయన జాతిని నిర్ణయించేవాడు. పొట్ట చివరి జననాంగాలను విడదీసి సూక్ష్మదర్శిని కింద చూడటం ఆయనకు ఇష్టం లేదు. చిన్న పురుగుల్లో రెండు జాతుల రెక్కలు ఒకేలా ఉండి, జననాంగాలు మాత్రం పూర్తిగా వేరుగా ఉండటం మామూలు. ఆయన పేర్లను సరిదిద్దే పని తర్వాతి తరాల మీద పడింది. లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్న ఆయన మూల నమూనాలను గేట్స్ క్లార్క్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఒక్కొక్కటే తీసి, జననాంగాల చిత్రాలతో సహా పట్టిక వేశాడు. 1955లో మొదటి సంపుటం వచ్చింది. ఎనిమిదో సంపుటం రావడానికి మరో పదిహేనేళ్ల దాకా పట్టింది.

ఇక పురుగుల సంగతి. మైక్రోల్లో బాగా చిన్నవి నెప్టిక్యులిడే కుటుంబానివి. వాటిలో కొన్ని రెండు రెక్కలూ చాపినా 3, 4 మిల్లీమీటర్లు మించవు. బత్తాయి ఆకు పురుగు తల్లి కూడా 5 మిల్లీమీటర్లు ఉంటే ఎక్కువ. వెండి రంగులో మెరుస్తూ, రెక్క చివర ఒక నల్ల చుక్కతో ఉంటుంది. ఇంత చిన్న పురుగుల్లో రెక్క సన్నగా, ఈటె మొనలా సాగుతుంది. ఈనెలు తగ్గిపోతాయి. రెక్క వెడల్పులో తగ్గినదాన్ని అంచున ఉండే పొడవాటి కుచ్చు వెంట్రుకలు భర్తీ చేస్తాయి. గులాబీ రంగు పురుగు చేరిన గెలికీడే కుటుంబంలో తొండం మొదట్లో కూడా పొలుసులు ఉంటాయి. తల ముందు రెండు స్పర్శాంగాలు కొమ్ముల్లా పైకి వంగి ఉంటాయి. అన్నిటికంటే పురాతనమైన మైక్రోప్టెరిజిడే కుటుంబంలో తొండమే లేదు. అవి దవడలతో పుప్పొడిని నమిలి తింటాయి. రెక్కల పురుగుల పూర్వీకులు పూల తేనె పీల్చేవి కావనడానికి మిగిలిన సాక్ష్యం ఇది.

పొలంలో పనికొచ్చే గుర్తు తల్లి పురుగులో కంటే దాని గొంగళి దశ అయిన లద్దెలో సులువుగా దొరుకుతుంది. లద్దె పొట్ట కింద ఉండే మెత్తని కాళ్లను భూతద్దంతో చూస్తే చిన్న చిన్న కొక్కేలు కనిపిస్తాయి. మైక్రోల్లో ఎక్కువ భాగానికి అవి గుండ్రంగా వలయంలా ఉంటాయి. మాక్రోల్లో ఒకవైపే వరసగా, చాపంలా ఉంటాయి. కారణం బతుకు తీరులో ఉంది. ఒకవైపు కొక్కేలు కొమ్మనూ ఆకు అంచునూ పట్టుకుని పాకడానికి అనువు. వలయపు కొక్కేలు చదునైన నేల మీదా సొరంగం గోడల మీదా నిలదొక్కుకోవడానికి అనువు.

చిన్నతనం వల్ల ఈ పురుగులకు కలిసొచ్చింది ఆ సొరంగమే. రెండున్నర అంగుళాల లద్దె పురుగు ఆకును బయట నుంచే కొరకాలి. పక్షికీ, కందిరీగకూ, మందు పిచికారీకీ దొరకాలి. మిల్లీమీటరులో సగం మందం ఉన్న పురుగుకు ఆకు పైపొరకూ కింది పొరకూ మధ్య ఉన్న జాగా కూడా ఇల్లే. మొలకెత్తే విత్తనం, కాయ, చిగురు, కాండం, గింజ, చివరికి ఎండిన కట్టె కూడా దానికి ఇల్లూ తిండీ అవుతాయి. మైక్రోల్లో ఎక్కువ భాగం ఇలా దాక్కుని తినే జాతులే. ఆకు లోపల సొరంగం తవ్వేవి కొన్ని, ఆకును పట్టుదారంతో చుట్టి లోపల కూర్చునేవి కొన్ని, తమ చుట్టూ సంచి కట్టుకుని దాన్ని మోసుకు తిరిగేవి కొన్ని. మందు కొట్టినా పురుగు చావలేదని రైతు వాపోయే సందర్భాల్లో చాలాసార్లు సంగతి ఇదే. మందుకు పురుగు అందలేదు.

చిన్నవే మైక్రోలు అనే సూత్రం మాత్రం ఎక్కువ దూరం నిలవదు. వరి కాండం తొలిచే మొగి పురుగు, అంటే సిర్పోఫేగా ఇన్సర్టులస్, తల్లి పురుగు రెక్కలు చాపితే మూడు సెంటీమీటర్ల దాకా వస్తుంది. మాక్రోలుగా లెక్కించే నాక్టువిడ్‌లలో ఇందులో సగం ఉన్నవీ ఉన్నాయి. ఆస్ట్రేలియాలో ఎండోక్సైలా అనే కట్టె తొలుచు పురుగు రెక్కలు 20 సెంటీమీటర్లు దాటుతాయి. ప్రపంచంలోకెల్లా బరువైన రెక్కల పురుగు అదే. దాని కుటుంబం కాసిడే. పెద్దదిగా ఉందని సేకరణకర్తలు దాన్ని మాక్రోల అరలో పెట్టుకున్నారు. వంశవృక్షంలో చూస్తే అది మైక్రోల మధ్య కొమ్మ.

వంశవృక్షం చెప్పేది ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. ఒకే పూర్వీకుడి సంతానమంతా, మరెవరూ లేకుండా, ఒక్కచోట చేరితేనే ఆధునిక వర్గీకరణ దాన్ని వర్గంగా ఒప్పుకుంటుంది. మైక్రోలెపిడోప్టెరా ఆ పరీక్షకు నిలవదు. లెపిడోప్టెరా చెట్టులో మాక్రోలూ, సీతాకోక చిలుకలూ పోగా మిగిలిన కొమ్మలన్నిటికీ అది పేరు. కీటక శాస్త్రవేత్త అకీటో కవహారా బృందం 2014లోనూ 2019లోనూ వేల జన్యువుల ఆధారంగా వేసిన వృక్షాల్లో సీతాకోక చిలుకలు పెద్ద రెక్కల పురుగుల పక్కన కాక, మైక్రో కొమ్మల మధ్య నుంచి విడిపోయినట్టు తేలింది. పైరాలిడ్ సమూహం మాత్రం అసలైన మాక్రోలకు దగ్గరి బంధువు. అంటే మేళ్లచెరువు వరి మడిలో పైరాలిడ్ సమూహానికి చెందిన మొగి పురుగుకు మాక్రో అయిన పట్టు పురుగు ఎంత దగ్గరి చుట్టమో, పూల మీద వాలే సీతాకోక చిలుక అంత దగ్గరిది కాదు. కంటికి కనిపించే పోలిక ఇక్కడ పూర్తిగా తప్పుదారి పట్టిస్తుంది.

పేరు శాస్త్రీయ వర్గం కాకపోయినా, దాని కింద చేరినవాటి బతుకు తీరును పోల్చి చూడటానికి పత్తి కాయ మంచి ఉదాహరణ. కాయ తొలిచే పురుగులు ముఖ్యంగా మూడు. శనగపచ్చ పురుగు, మచ్చల పురుగు మాక్రోలు. గులాబీ రంగు పురుగు మైక్రో. శనగపచ్చ పురుగు తల కాయలో దూర్చి, సగం దేహం బయటే ఉంచి తింటుంది. ఒక కాయ తిని ఇంకో కాయకు పోతుంది. అది శనగ, కంది, మిరప, టమాటా ఏదైనా తినగలదు. గులాబీ రంగు పురుగు పుట్టిన కొన్ని గంటల్లోనే మొగ్గలోకో కాయలోకో చేరుతుంది. అది దూరిన రంధ్రం కాయ పెరిగే కొద్దీ పూడిపోతుంది. బయట నుంచి చూస్తే కాయ నిక్షేపంగా ఉంటుంది. లోపల గింజలు పోతూ, దూది మచ్చపడి గుడ్డి పత్తి అవుతుంది. పువ్వులో చేరితే రేకులను దారంతో అల్లేస్తుంది కాబట్టి పువ్వు విచ్చుకోదు. ఆ గుడ్డిపూలే పొలంలో మొదట కనపడే ఆనవాళ్లు. చిన్న వయసులో పురుగు తెల్లగానే ఉంటుంది. గులాబీ రంగు పెద్దయ్యాకే వస్తుంది.

ఈ పురుగుకు శాస్త్రంలో పేరు వచ్చింది కూడా భారతదేశం నుంచే. 1842లో గుజరాత్‌లోని భరూచ్ పత్తి తోటలను దెబ్బతీసిన పురుగులు ఇంగ్లండు చేరితే, మరుసటి ఏడు కీటక శాస్త్రవేత్త డబ్ల్యు. డబ్ల్యు. సాండర్స్ వాటిని డిప్రెస్సేరియా గాసిపియెల్లా అని వర్ణించాడు. పెక్టినోఫోరా అనే ఇప్పటి ప్రజాతి పేరు 1917లో వచ్చింది. ఆ ఏడే ఈ పురుగు అమెరికాలో టెక్సస్ చేరింది.

పురుగును చంపే బ్యాక్టీరియా ప్రోటీన్‌ను మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తికి భారతదేశంలో 2002లో అనుమతి వచ్చింది. రెండు విషపు ప్రోటీన్లు ఉన్న బోల్‌గార్డ్-2 రకం 2006లో వచ్చింది. తొలి ఏళ్లలో మూడు కాయ తొలుచు పురుగులూ తగ్గాయి. ముందుగా తట్టుకోవడం నేర్చుకున్నది మాత్రం గులాబీ రంగు పురుగే. గుజరాత్‌లోని నాలుగు జిల్లాల్లో మొదటి రకం బీటీకి అది లొంగడం లేదని 2010లో ఆ బీటీని రూపొందించిన మోన్శాంటో సంస్థే ప్రకటించింది. 2014 తర్వాత బోల్‌గార్డ్-2 కూడా వమ్మయింది. కొన్నేళ్లలో బెడద తెలుగు రాష్ట్రాలకూ పాకింది. శనగపచ్చ పురుగు లొంగిన చోట ఇది ఎందుకు లొంగలేదు? దీనికి పత్తి తప్ప వేరే తిండి దాదాపుగా లేదు. శనగపచ్చ పురుగులో ఒక తరం బీటీ లేని శనగలోనో కందిలోనో పెరుగుతుంది కాబట్టి బీటీ విషానికి లొంగే సంతతి ఎప్పుడూ కొంత మిగులుతుంది, తట్టుకునేవాటితో జతకట్టి ఆ గుణాన్ని పలచన చేస్తుంది. గులాబీ రంగు పురుగుకు ఆ అవకాశం బీటీ లేని పత్తి వరసల్లోనే ఉంది. 450 గ్రాముల ప్యాకెట్టుతో పాటు 120 గ్రాముల మామూలు విత్తనం ఇచ్చింది అందుకే. చేను చుట్టూ వేయాల్సిన ఆ విత్తనాన్ని చాలామంది పక్కన పారేశారు. దానికి తోడు మన దగ్గర వేసేది సంకర రకం. కాయలోని గింజలు తల్లి మొక్కలా ఉండవు. కొన్నిట్లో విషం ఉంటుంది, కొన్నిట్లో ఉండదు. గింజ తినే పురుగుకు తట్టుకోవడం నేర్పే బడి ఇంతకంటే బాగా ఎవరూ కట్టలేరు.

గులాబీ రంగు పురుగు నివారణలో బాగా అక్కరకు వచ్చినది దాని వాసన. ఆడ పురుగు మగ పురుగును పిలవడానికి విడిచే రసాయనాన్ని 1973లో కనుగొన్నారు. దాన్ని గాసిప్లూర్ అంటారు. ఒకే పదార్థపు రెండు రూపాలు దాదాపు సమపాళ్లలో కలిసి ఉంటాయి. లింగాకర్షక బుట్టల్లో పెట్టే ఎర ఇదే. బుట్టకు రాత్రికి 8 మగ పురుగులు చొప్పున వరసగా మూడు రోజులు పడితే మందు అవసరమని సిఫారసు. పంట చివర్లో పురుగు రెండు గింజలను కలిపి అతికించి, ఆ జంట గింజలో నిద్రాణంగా ఉండిపోతుంది. పత్తి కట్టెను వంటచెరకుగా ఇంటి దగ్గర గుట్టపోస్తే వచ్చే ఏటి పురుగును దాచిపెట్టినట్టే. డిసెంబరు దాటాక పంట పొడిగించకుండా, చేలో గొర్రెలనూ మేకలనూ తోలి మిగిలిన కాయలు మేపి, కట్టెను ముక్కలు చేసి దున్నమని చెప్పేది అందుకే. అమెరికా ఇదే పురుగును పత్తి పండే ప్రాంతాల నుంచి నిర్మూలించినట్టు 2018లో ప్రకటించింది. బీటీ పత్తి, వాసన ఎర, వంధ్యం చేసిన పురుగులను విమానాల నుంచి వదలడం అన్నీ కలిపి ఏళ్ల తరబడి, ఊరూరూ ఒకేసారి చేస్తే అది సాధ్యమైంది. ఒక్కో రైతు విడివిడిగా చేసే పని కాదు.

వరిలో మొగి పురుగు కథ కొంత ఇలాంటిదే. దానికీ వరి తప్ప వేరే తిండి దాదాపు లేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువల్లో నీళ్లు పారి, ఏడాదికి రెండు వరి పంటలు వచ్చాక దానికి తిండి కరువు తగ్గింది. ఆడ పురుగు ముందు రెక్కల మీద ఒక్కో నల్ల చుక్క ఉంటుంది. నారు ఆకు కొసల మీద గుడ్ల ముద్ద పెట్టి, తన పొట్ట వెంట్రుకలతో కప్పుతుంది. నాటే ముందు నారు కొసలు తుంచమని చెప్పేది ఆ ముద్దలు పోవడానికే. పిలక దశలో పురుగు దూరితే మొవ్వు ఎండిపోతుంది, ఈనిక దశలో దూరితే తెల్ల కంకి వస్తుంది. అదే మడిలో అదే కాండంలో సెసేమియా ఇన్ఫెరెన్స్ అనే మరో పురుగు కూడా ఉండొచ్చు. లద్దె గులాబీ రంగులో ఉంటుంది. నష్టం ఒకేలా ఉంటుంది. అది మాత్రం నాక్టువిడ్, అంటే మాక్రో. వరితో పాటు జొన్న, మొక్కజొన్న, చెరకు కూడా తింటుంది. కాలి కొక్కేలు చూస్తే రెండింటి తేడా తెలిసిపోతుంది.

బత్తాయి ఆకు పురుగు చేసే నష్టం చూపుకు ఎక్కువ, దిగుబడికి తక్కువ. పెద్ద చెట్లు తట్టుకుంటాయి, నర్సరీ మొక్కలు తట్టుకోవు. అసలు ముప్పు దాని సొరంగాల గుండా గజ్జి తెగులు ఆకులోకి దిగడంలో ఉంది. కలకత్తా నమూనాతో పేరు పొందిన ఈ పురుగు 1993లో ఫ్లోరిడా చేరి, అక్కడి నారింజ తోటలకు అదే తలనొప్పి తెచ్చింది. ఎదురు దిశలో వచ్చినది టమాటా ఆకు పురుగు ట్యూటా అబ్సల్యూటా. పెరూ నుంచి వచ్చిన నమూనా చూసి 1917లో మేరిక్ పేరు పెట్టిన జాతి అది. 2014లో మహారాష్ట్రలో కనబడి, త్వరలోనే తెలుగు రాష్ట్రాల టమాటా మడుల్లోకి వచ్చింది. కూరగాయల్లో మరో మైక్రో వంకాయ పురుగు; దాని కోసం తయారు చేసిన బీటీ వంకాయను కేంద్రం 2010 ఫిబ్రవరిలో ఆపేసింది. బంగ్లాదేశ్ రైతులు మాత్రం దాన్ని 2014 నుంచి పండిస్తున్నారు.

మిర్యాలగూడ బియ్యం మిల్లులకు పెట్టింది పేరు. వడ్లు ఉన్నచోట వడ్ల చిలుక ఉంటుంది. లద్దె ఒక్క గింజలోనే పెరిగి, పొట్టుకు గుండ్రని కిటికీ కోసుకుని రెక్కలతో బయటికి వస్తుంది. చేలో కంకి పండేటప్పుడే గుడ్లు పడతాయి, మిల్లుకు గింజతో పాటే చేరుతుంది. రాశి లోపలికి దూరే బలం తల్లికి లేదు కాబట్టి నష్టం పైపొరలోనే ఎక్కువ. ఫ్రాన్సులో ఆంగుమ్వా ప్రాంతపు గోధుమను ఇది పాడుచేస్తే 1760లో అక్కడి విజ్ఞాన అకాడమీ ఇద్దరు శాస్త్రజ్ఞులను పంపి విచారణ జరిపించింది. బియ్యంలో, రవ్వలో దారపు గూళ్లు కట్టేది మరో జాతి, కార్సైరా సెఫలోనికా. స్టెయిన్టన్ 1866లో పేరు పెట్టినవాటిలో ఇదొకటి. ఇంట్లో ఇది పీడే గానీ, ప్రయోగశాలల్లో దీన్ని జొన్న, సజ్జ నూకలో పనిగట్టుకుని పెంచుతారు. దీని గుడ్ల మీద మిల్లీమీటరు కూడా లేని ట్రైకోగ్రామా కందిరీగలను పెంచి, ఆ గుడ్లను అట్టలకు అంటించి ట్రైకోకార్డులుగా రైతులకు ఇస్తారు. వరి ఆకుల కింద వాటిని కడితే, పుట్టుకొచ్చిన కందిరీగలు మొగి పురుగు గుడ్లలో తమ గుడ్లు పెడతాయి. ఒక మైక్రోను అణచడానికి మరో మైక్రో పెట్టుబడి.

ఇళ్ల గోడల మీద బూడిద రంగులో చదునుగా, రెండు కొసలా తెరుచుకుని, గుమ్మడి గింజంత ఉండే గూళ్లు కూడా మైక్రోలవే. టీనిడే కుటుంబపు లద్దె ఇసుకనూ దుమ్మునూ పట్టుదారంతో అతికి కట్టుకున్న సంచి అది. ఏ కొస నుంచైనా తల బయటపెట్టి నడుస్తుంది. సాలెగూళ్లు, వెంట్రుకలు, ఉన్ని తింటుంది. మనిషికి హాని లేదు.

ఇప్పుడు ఈ పేరును ఎక్కడ వాడాలి? క్షేత్ర సర్వేలో దీపపు ఎర దగ్గర తెరమీద వాలిన పురుగులను తొలిసారి వేరు చేసేటప్పుడు మైక్రో అన్న మాట పనికొస్తుంది. మ్యూజియంలో ఏ సూది, ఏ పెట్టె, ఏ నిపుణుడు అన్నది నిర్ణయించడానికి పనికొస్తుంది. అక్కడ ఆగిపోవడమే ఇబ్బంది. భారతీయ రెక్కల పురుగుల జాబితాల్లో మాక్రోల వివరం నిండుగా ఉండి, మైక్రోల దగ్గర 'గుర్తించనివి' అని ఒక్క ముక్కతో సరిపెట్టడం ఇంకా తరచుగా కనిపిస్తుంది. ఒక ప్రాంతంలో ఎన్ని జాతులున్నాయనే లెక్క అందువల్ల నమ్మదగినది కాకుండా పోతుంది. పురుగు పొట్ట కొసను కాస్టిక్ పొటాష్‌లో వేడిచేసి, జననాంగాలను గాజు పలక మీద అమర్చి చూడటం నిర్ధారణకు పాత, నమ్మకమైన దారి. కెనడాలోని గ్వెల్ఫ్ విశ్వవిద్యాలయంలో పాల్ హెబర్ట్ బృందం 2003లో ప్రతిపాదించిన డీఎన్ఏ బార్‌కోడు కొత్త దారి. ఆ పద్ధతిని తొలిసారి పరీక్షించింది కూడా రెక్కల పురుగుల మీదే. కాలు ముక్క చాలు. లద్దె అయినా, రెక్కలు చెదిరిన పురుగు అయినా ఫరవాలేదు.

సలహా ఇచ్చేటప్పుడు మైక్రో అన్న మాట చాలదు, ఒక్కోసారి తెలుగులో వాడే పేరూ చాలదు. ఆకు తొలుచు పురుగు అనే ఒక్క పేరుతో వేరుశనగలో ఉన్నది గెలికీడే కుటుంబపు పురుగు, బత్తాయిలో ఉన్నది గ్రాసిలారిడే కుటుంబపు పురుగు, టమాటాలో ఉన్నది ట్యూటా కావచ్చు లేదా లిరియోమైజా అనే ఈగ కావచ్చు. ఈగ అసలు లెపిడోప్టెరాయే కాదు. రెక్కల పురుగు కోసం తెచ్చిన వాసన ఎరలో అది పడదు. రైతు చేతిలో ఉన్న సులువైన మార్గం ఒకటి ఉంది. పురుగు పేరు తేలనప్పుడు మందు కొనే ముందు, దెబ్బతిన్న కాయనో ఆకునో లోపలి లద్దెతో సహా గాలాడే డబ్బాలో పెట్టి, గడ్డిపల్లి కృషి విజ్ఞాన కేంద్రానికో కంపాసాగర్ వ్యవసాయ పరిశోధనా స్థానానికో తీసుకెళ్లి చూపించాలి. లద్దె బతికి ఉంటే గుర్తించడం తేలిక.